కిష్నా జిల్లా, గుడివాడ తాలూకా

రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాడి ఇంటికి చుట్టాలకంటే కాగితాలే ఎక్కువ వస్తాయి. హద్దు తగాదా అంటూ ఒకరు, పాత డైగ్లాట్ (రెండు భాషల భూమి రిజిస్టరు) నకలు పట్టుకుని ఇంకొకరు, "కాస్త చూసిపెట్టండి సార్" అంటూ గుమ్మంలో నిలబడతారు. బెజవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి ఆక్లండ్ నుంచి ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు వచ్చిందీ అలాంటి పనిమీదే. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పంపించాడు. ఆవిడ ఫిజీలో పుట్టిన తెలుగావిడ. నర్సుగా చేసి రిటైరయ్యారు. 1987లో ఫిజీ సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని పడగొట్టాక, వేలాది భారతీయ కుటుంబాలతోపాటు వీళ్లూ దేశం వదిలారు. ఇంట్లో ఫిజీ హిందీ, బయట ఇంగ్లీషు. తెలుగు నాలుగైదు ముక్కలు. మా ఆవిడ "రండి వదినగారూ" అంటే, ఏమన్నదో కొడుక్కి నేను ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది.

వాళ్లు అడిగింది ఒకటే. 1911 జనాభా లెక్కల్లో తాతగారి ఇల్లు చూడాలి.

కుర్రాడు ఫోనులో ఇంగ్లండు వాళ్ల 1911 లెక్కలు చూపించాడు. ఇంటి యజమాని తన చేత్తో నింపిన కాగితం. ఇంట్లో ఎవరెవరు, వయసెంత, ఏం పని, ఎక్కడ పుట్టారు అన్నీ ఉన్నాయి. పేరు కొడితే చాలు, కాగితం కళ్లముందుకొస్తుంది. నూరేళ్లు నిండగానే అక్కడ వాటిని జనానికి ఇచ్చేస్తారు. 1921 నాటివి 2022 జనవరిలో ఇచ్చారు. "అంకుల్, మద్రాసు ప్రెసిడెన్సీవి ఎక్కడ దొరుకుతాయి?" అన్నాడు.

ఎక్కడా దొరకవని చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది. మన దగ్గరా 1911 మార్చి 10 రాత్రి దేశమంతటా ఒకేసారి లెక్క తీశారు. మద్రాసు ప్రెసిడెన్సీకి ఆ పని చూసినాయన జె. చార్ట్రెస్ మొలోనీ. కరణాలూ బడిపంతుళ్లూ లాంతర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మనిషి మనిషినీ రాశారు. ఆ తర్వాత జరిగిందే మన తేడా. షెడ్యూళ్లలోని వివరాలను ఒక్కో మనిషికి ఒక్కో చీటీ చొప్పున ఎత్తి రాసి, ఆ చీటీలను గూళ్లలో వేసి, వయసు ప్రకారం, వృత్తి ప్రకారం, కులం ప్రకారం లెక్కపెట్టారు. అంకెలు తేలాక కాగితాలతో పనిలేదు, తీసిపారేశారు. మనకు మిగిలింది అచ్చయిన పట్టికలే. ఫలానా తాలూకాలో ఇంతమంది, ఫలానా కులం ఇంతమంది. ఎవరెవరన్నది లేదు. స్వతంత్రం వచ్చాక చేసిన 1948 సెన్సస్ చట్టం కూడా వ్యక్తుల వివరాలను ఎవరికీ చూపకూడదంది, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరావంది.

"అంటే మా తాత పేరు ఈ దేశంలో ఎక్కడా లేదా?" అన్నారావిడ.

అప్పుడు వాళ్లు వెంట తెచ్చుకున్న కాగితం అడిగి తీసుకున్నాను. సువాలోని ఫిజీ జాతీయ అభిలేఖాగారం నుంచి తెచ్చిన ఎమిగ్రేషన్ పాసు నకలు అది. ఫిజీలో భారతీయుల జనన మరణాల నమోదుల్లో తరచూ ఓడ పేరు, పాసు నంబరు రాసేవారట. వాళ్ల నాన్నగారి జనన నమోదులో ఉన్న ఆ నంబరు పట్టుకుని దీన్ని తీయించారు. 1879 నుంచి 1916 దాకా ఫిజీ చెరకు తోటలకు మన దేశం నుంచి ఓడెక్కినవాళ్లు 60,965 మంది. మొదట్లో అందరూ కలకత్తా రేవు నుంచే. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి, పదిహేను వేల పైచిలుకు మంది వెళ్లారు. ఉత్తరాదివాళ్ల పాసులు 45,439 ఉంటే, వాటన్నిటినీ చదివి ఎవరు, ఎక్కడివాళ్లు, ఎందుకెళ్లారు అని తేల్చిన చరిత్రకారుడు బ్రిజ్ లాల్. ఆయన కూడా అలా ఒప్పందం మీద వెళ్లిన కూలీ (గిర్మిటియా) మనవడే.

పాసు అరఠావంత ఉంటుంది. అచ్చు వేసిన గళ్లు, వాటి పక్కన గుమాస్తా దస్తూరి. డిపో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద గుర్తులు, దగ్గరి బంధువు. కింద డాక్టరు, వలసల రక్షకాధికారి, ఫిజీ ఏజెంటు సంతకాలు. ఈయనకు 22 ఏళ్లు, 5 అడుగుల 3 అంగుళాలు. ఎడమ పిక్క మీద మచ్చ. కులం గడిలో మాల. దగ్గరి బంధువు తమ్ముడు, అతని పేరు. జిల్లా కిష్నా, అంటే కృష్ణా. తాలూకా గుడివాడ. ఊరి దగ్గర మాత్రం సిరా పాకింది. చివరి అక్షరాలు "పాలెం" అని తెలుస్తోంది, ముందుది తెలియడం లేదు. సంవత్సరం 1912.

నా సర్వీసంతా ఇలాంటి గళ్లతోనే గడిచింది. మా రిజిస్టర్లలో ఒక మనిషి గురించి తండ్రి పేరు మించి రాయడం ఎప్పుడూ చూడలేదు. పిక్క మీది మచ్చ కూడా రాసుకున్నారంటే వాళ్లకు ఈ మనిషితో ఎంత పనుందో అర్థమైంది. అయిదేళ్ల ఒప్పందం. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు తొమ్మిది గంటలు, శనివారం అయిదు గంటలు. మగవాడికి రోజుకో షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. పారిపోతే పట్టుకోవడానికి గుర్తులు కావాలి, చచ్చిపోతే రాయడానికి బంధువు పేరు కావాలి.

ఆ ఇంటివాళ్లు మాది గుంటూరు అని చెప్పుకునేవారట. పాసు మీది సంవత్సరమే ఆ దారి మూసేసింది. 1859 నుంచి గుంటూరు, తెనాలి, బాపట్ల, రేపల్లె అంతా కృష్ణా జిల్లాయే. 1904లో గుంటూరు జిల్లా విడిపోయింది. అదే ఏడు ఏలూరు, భీమవరం, తణుకు, నరసాపురం తాలూకాలు గోదావరి నుంచి కృష్ణాలోకి వచ్చాయి. 1925లో అవి పశ్చిమగోదావరిగా మళ్లీ వెళ్లిపోయాయి. కాబట్టి 1903 నాటి పాసులో కిష్నా అని ఉంటే ఏటికి అవతలి ఒడ్డున వెతికినా తప్పులేదు. 1912 పాసులో ఉంటే ఇవతలి ఒడ్డునే వెతకాలి. వీళ్లకు తాలూకా కూడా ఉంది కాబట్టి సరిపోయింది. తాలూకా లేనివాళ్లు 2022 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త జిల్లాల పటం పట్టుకుని బయల్దేరితే ఎన్‌టీఆర్ జిల్లా, ఏలూరు జిల్లా, కృష్ణా జిల్లాల మధ్య తిరుగుతూనే ఉంటారు.

పాత గుడివాడ తాలూకాలో పాలేలకు కొదవలేదు. మా పాత జాబితా ముందేసుకుని కూర్చున్నాను. ఆవిడ తనకు గుర్తున్నవి చెప్పారు. తాతగారు పోయేనాటికి ఆవిడ బడికెళ్లే పిల్ల. వాళ్ల ఊళ్లో కాలువకు తలుపులుంటాయని, తలుపులు మూస్తే నీళ్లు పైకి లేస్తాయని, నీళ్లతోపాటు పడవ కూడా లేచి అవతలికి పోతుందని చెప్పేవాడట. అది పిల్లల కోసం అల్లిన కథ అనుకున్నారట ఇన్నాళ్లూ. నేను బండి తీసి బెజవాడలో ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ విడిపోయే చోటికి తీసుకెళ్లి లాకులు చూపించాను. పడవలు లేవు గానీ గోడలూ తలుపుల చట్రాలూ ఉన్నాయి. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలే రోడ్లు. ధాన్యమూ మనుషులూ పెళ్లివారూ పడవల్లోనే తిరిగారు. ఆవిడ లాకు గోడ పట్టుకుని వంగి కిందికి చూసి కొడుకుతో ఏదో హిందీలో అన్నారు. వాడు ఫోటోలు తీశాడు. పక్కన లాకు ఉన్న పాలెం అనేసరికి నా జాబితా రెండు ఊళ్లకు దిగింది.

ఆ రెండు ఊళ్ల రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు చూశాను. ఉంటాడని కాదు, చూడకుండా ఉండలేక. సర్వే నంబరు, తరం, శిస్తు, పట్టాదారు పేరు. సెంటు భూమి ఉన్నవాడి పేరూ ఉంటుంది. సెంటు కూడా లేనివాడు ఆ పుస్తకంలో లేడు. ఆనకట్ట నీళ్లొచ్చి ఈ డెల్టా భూమి బంగారమైంది. భూమి లేనివాడికి పెరిగింది నాట్లూ కోతలే. ఏడాది జీతానికి కుదిరి, పండక్కో పెళ్లికో తెచ్చిన అప్పు తీరక మరుసటి ఏడూ అక్కడే కుదిరేవాడు పాలేరు. 1899 నాటికి బెజవాడ నుంచి మద్రాసుకు రైలు పడింది. మేస్త్రీ మాట విని ఆ రైలెక్కినవాళ్లలో ఈయనొకడు. ఇక జనన మరణాల రిజిస్టర్లు మునసబు దగ్గర ఉండేవి. 1984 జనవరిలో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు చాలా ఊళ్లలో పాత దస్త్రాలు అటకలెక్కాయి. ఈ రెండు ఊళ్లవీ చెదలు తినేశాయి.

దారి చూపింది మా వీధి చివరుండే మాస్టారు. ఆయనా ఆ తాలూకావాడే. "మా పల్లెల పేర్లు మీ ఆఫీసులో ఉండవు గురువుగారూ, గుళ్లో అడగండి" అన్నారు. గుడి అంటే చర్చి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగాక చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) మిషను ఈ జిల్లాలో పాతుకుంది. మొదట అగ్రకులాల పిల్లలకు బడి పెట్టారు. 1859లో రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాక పల్లెలు కదిలాయి. మిషను వాళ్లు మనిషికో వరస రాసిపెట్టుకున్నారు. 1947 తర్వాత ఆ సంఘాలు దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) కిందికి వచ్చాయి, కృష్ణా గోదావరి అధ్యక్ష మండలానికి విజయవాడే కేంద్రం.

మొదటి ఊళ్లో ఏమీ లేదు. రెండో ఊరి పేరు నేను రాయను. అక్కడ ఇవాళ బతుకుతున్నవాళ్లను అడక్కుండా కులం గడితో సహా పత్రికకు ఎక్కించడం పద్ధతి కాదు. పాస్టరుగారు ఇనప్పెట్టె తెరిచి, మైకా కవరులో చుట్టిన పొడుగాటి పుస్తకం తీశారు. అట్ట విడిపోయి ఉంది. ఒక్కో పుట తిప్పేటప్పుడు కింద అరచెయ్యి పెట్టి తిప్పారు. తేదీ, క్రైస్తవ నామం, పాత పేరు, తండ్రి, నివాసం, వృత్తి, బాప్తిస్మం ఇచ్చిన గురువు. వృత్తి గడిలో పైనుంచి కిందిదాకా కూలి, కూలి, కూలి. మధ్యలో ఒకచోట తోటి. 1919లో ఒక వరస దగ్గర కుర్రాడి వేలు ఆగింది. వాడికి తెలుగు చదవడం రాదు, ఆ పుట ఇంగ్లీషులో ఉంది. పాత పేరు పాసులోని తమ్ముడిది. తండ్రి పేరు పాసులోని తండ్రిది. ఆ తండ్రి పేరే ఇప్పుడు వాళ్లింటి పేరు. ఫిజీ గుమాస్తాలు రెండో పేరు కింద తండ్రి పేరు రాసుకుంటే, తర్వాతి తరాలకు అదే స్థిరపడింది. ఆవిడ పాస్‌పోర్టు తీసి పుస్తకం పక్కన పెట్టారు. పాస్టరుగారు రెండూ మార్చి మార్చి చూసి, కళ్లజోడు తీసి, "కూర్చోండమ్మా, పెద్దాయన్ని పిలుస్తాను" అన్నారు.

పెద్దాయన రైసుమిల్లులో బస్తాలు మోసి పనిమానేసినాయన. ఆ తమ్ముడి మనవడు. విషయమంతా విని, "మా తాతకి అన్న ఉండేవాడండీ. రంగం పోయాడన్నారు" అన్నాడు. గొంతులో అనుమానం లేదు. రంగం అంటే రంగూను. ఈ తీరం నుంచి వెళ్లి తిరిగిరాని ప్రతివాడూ రంగం పోయినట్టే. విశాఖ, గోదావరి జిల్లాలవాళ్లు వేలల్లో రంగూను రేవులో, ధాన్యం మిల్లుల్లో పనికి వెళ్లారు. 1931 నాటికి ఆ ఊళ్లో సగానికి పైగా భారతీయులే. "డిసెంబర్లో బాంబులేశారు కదండీ, అందులో పోయుంటాడనుకున్నారు మావాళ్లు" అన్నాడు. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడిన నాటి మాట అది. అప్పటికి ఆ అన్న ఒప్పందం ముగించుకుని, ఫిజీలో బా దగ్గర కౌలుకు భూమి పట్టి, సొంతంగా చెరకు వేస్తూ పిల్లల్ని బడికి పంపుతున్నాడు.

పెద్దాయన వేళ్లమీద వరస లెక్కపెట్టాడు. "మీ తాతా మా తాతా అన్నదమ్ములు. మీ నాయనా మా నాయనా అన్నదమ్ముల బిడ్డలు. ఏ యేడు పుట్టావమ్మా?" నేను ఇంగ్లీషులో అడిగి చెప్పాను. "అయితే నాకు చెల్లివి" అని ఇంట్లోకి కేకేశాడు, భోజనాలకి బియ్యం ఎక్కువ పొయ్యమని.

తిరుగు దారిలో కారులో ఆవిడ అడిగారు, నిజంగా ఆయనేనా అని. కచేరీలో ఎవరైనా ఇది పట్టుకొస్తే ఫైలు తిప్పి పంపేవాణ్ని అని చెప్పాను. రెండు పేర్లు కలిశాయి, తాలూకా కలిసింది, లాకు ఉంది. తల్లి పేరు లేదు, మచ్చ చూసినవాళ్లు లేరు, రంగం అన్న మాట అడ్డొస్తోంది. కానీ సొంతానికైతే నమ్ముతానని కూడా చెప్పాను. ఆవిడ ఆ రెండూ కలిపే నోటుబుక్కులో రాసుకున్నారు.

అప్పట్నుంచీ నా దగ్గరికి ఇలాంటివాళ్లు ఇంకొందరు వచ్చారు. ఒకరు డర్బన్ నుంచి. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసువాళ్లతో అక్కడ దిగినప్పట్నుంచి 1911 దాకా నాటాల్ చేరిన 1,52,184 మంది పేర్లూ ఓడల జాబితాల్లో ఉన్నాయి. తండ్రి పేరు, ఊరు, జిల్లా సహా. చదివితే ముందు గర్వపడాలనిపిస్తుంది, తర్వాత సిగ్గేస్తుంది. మన పల్లెల్లోని కూలివాడి పేరు శ్రద్ధగా రాసింది అతని చాకిరీ కొనుక్కున్నవాడు, అతని ఆత్మ కావాలనుకున్నవాడు. అతను పుట్టిన నేల మీద శిస్తు వసూలు చేసిన నా శాఖ అతన్ని తలల లెక్కలో ఒక తలగా చూసి వదిలేసింది. ఇప్పుడు 2027 జనగణన వస్తోంది. ఫోన్లలో రాస్తారట. అంకెలు వేగంగా వస్తాయి, పేర్లు మాత్రం మళ్లీ లోపలే ఉండిపోతాయి. అందుకే ఎవరొచ్చినా రెవెన్యూ ఆఫీసుకు చివర వెళ్లమంటున్నాను. ముందు చర్చి రిజిస్టరు, తర్వాత బడి అడ్మిషన్ రిజిస్టరు, మిల్లు మస్టరు, ఆసుపత్రి పుస్తకం. వీటిలో ఏదున్నా దాని ఫోటో తీయించి రెండు మూడు చోట్ల దాచమంటున్నాను. ఆ పాస్టరుగారి పుస్తకంలోని ప్రతి పుటకీ మా అబ్బాయి కంప్యూటరులో ఒక నకలు, ఆక్లండ్‌లో ఆవిడ దగ్గర ఒక నకలు ఉన్నాయి. పాలెంలో అడిగినవాళ్లకి పాస్టరుగారే చూపిస్తున్నారు.