క్లోజప్ ఇవ్వని తార

పొద్దున్నే ఆరింటికల్లా సెట్లో సిద్ధం. మేకప్ అక్కర్లేదు, టచప్ అక్కర్లేదు, కాల్షీట్ల పేచీ అసలే లేదు. కానీ క్లోజప్‌కి మాత్రం ససేమిరా ఒప్పుకోదు! ఎవరీ కొత్త తార అనుకుంటున్నారా? గూడబాతండీ!

ఈవిడ దర్శనం కావాలంటే నేలపట్టు వెళ్ళాలి. చెన్నైలో గూడూరు వైపు రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగితే, అక్కణ్ణించి సుమారు 20 కిలోమీటర్లు. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. చెరువు నీళ్ళలో కడప చెట్లు, కొమ్మ కొమ్మకీ గూళ్ళు. అక్టోబరు ప్రాంతాల్లో పక్షులు రావడం మొదలవుతుంది. చేపలవేట పులికాట్ సరస్సులో, సంసారం ఇక్కడ!

జనవరిలో ఓ ఆదివారం కెమెరా భుజాన వేసుకుని బయల్దేరాను. చెరువు గట్టు మీద నిలబడేసరికి కళ్ళు చెదిరాయి. ముక్కు కింద సంచితో, గూడ వేసి నీళ్ళు తోడినట్టు చేపల్ని తోడుకొచ్చిందో గూడబాతు. నోరు తెరవగానే పిల్ల తలకాయంతా ఆ గొంతులోకి దూర్చేసింది! ఆ దృశ్యం దగ్గర్నుంచి తియ్యాలని నా యావ. చెప్పులు విడిచి గట్టు దిగాను. నాలుగడుగులు వేశానో లేదో, దగ్గరి గూటి మీది పక్షి కాస్తా రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయింది.

"దిగబాక అబయా!" వెనకనుంచి ఓ పెద్దాయన కేక. "అది లేస్తే పిల్లలు ఎండకి తాళలేవు. కాకులు ఊరుకుంటాయా? వాటి రెట్ట కలిసిన నీళ్ళే మా పైరుకి ఎరువు. వాటి జోలికి పోబాక."

సిగ్గుతో గట్టెక్కి ఓ పొద చాటున కూచున్నాను. అయిదు నిమిషాలు... పది... ఆ గూట్లో పిల్లలు రెండు అటూ ఇటూ కదులుతున్నాయి. పైన కాకి ఓ చుట్టు తిరిగింది. నా గుండెలు దడదడ! ఏ సస్పెన్స్ సినిమాలోనూ అంత హడలిపోలేదు. పావుగంటకి తిరిగొచ్చి గూటిమీద వాలింది. తల్లో తండ్రో మరి, రెండూ ఒకేలా ఉంటాయి. అప్పుడు నొక్కాను బటన్, గట్టు మీదనుంచే.

ఆ ఫోటోలో పక్షి బొటనవేలి గోరంతే ఉంది. పక్కన మాత్రం పిల్లల తలకాయలు రెండూ కనిపిస్తాయి. ఇప్పుడది మా గదిలో అభిమాన హీరో పోస్టర్ పక్కనే వేలాడుతోంది. చూసిన మిత్రులంతా "ఇంకాస్త దగ్గరికి పోలేకపోయావా?" అంటారు.

పోయాను. అందుకే ఇంత దూరం నుంచి తీశాను!