మడమ పగుళ్ళు

చదువు కోసం ఊరు దాటేదాకా మా అక్కచెల్లెళ్ళం ఇద్దరం మా కాళ్ళ గురించి ఎన్నడూ ఆలోచించలేదు. శబరి ఒడ్డున మా కోయగూడెంలో అందరి కాళ్ళూ ఒకలాగే ఉండేవి. వానాకాలం నాట్ల బురద, ఎండాకాలం ఇప్పపూలు ఏరడం, తునికాకు కోయడం. మాఘం చలికి మడమలు నెర్రెలు విచ్చేవి. నొప్పి పుడితే కాస్త ఇప్పనూనె రాసుకుని పడుకునేవాళ్ళం, అంతే.

భద్రాచలంలో టీచర్ శిక్షణకు చేరినప్పుడు, గది గుమ్మం ముందు చెప్పులు విప్పగానే తోటి అమ్మాయి ఒకతె మా మడమలు చూసి, ‘ఇదేంటే, ఎండిన చెరువులా ఉన్నాయి’ అంది. చెడ్డ అమ్మాయేం కాదు, నోరు జారింది. కానీ ఆ రోజు నుంచి ఎండలో కూడా సాక్సులు తొడుక్కుని తిరిగాం. ఒకసారి బజారుకు పోయి కాళ్ళకు రుద్దుకునే స్క్రబ్ ధర అడిగాం. చిన్న డబ్బా 180 రూపాయలన్నాడు. ఆ డబ్బుతో అప్పట్లో మా ఇద్దరికీ ఊరికి వెళ్ళే బస్సు ఛార్జీ వచ్చేది. డబ్బా అక్కడే పెట్టేసి వచ్చాం. అయితే అట్ట మీద రాసింది మాత్రం చదివాం. పంచదార, ఏదో గింజల పొడి, నూనె. ఇవి మన ఇంట్లో లేనివా అనుకున్నాం.

సెలవులకు వచ్చినప్పుడు చేసి చూశాం. బియ్యపు నూకలు తిరగలిలో బరకగా విసిరి, రెండు చెంచాల పిండిలో ఒక చెంచా పంచదార, తడిసేంత ఇప్పనూనె కలిపాం. చలికి ఇప్పనూనె గడ్డ కడుతుంది కదా, సీసాని కాసేపు పొయ్యి దగ్గర పెడితే కరిగింది. ముందు కాళ్ళను గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టాలి. నానకుండా రుద్దితే చచ్చిన తోలు రాదు, బతికిన తోలు చీరుకుపోతుంది. మొదటిసారి ఆత్రంకొద్దీ గట్టిగా రుద్దుకుని రెండు రోజులు కుంటుకుంటూ నడిచాం. ఉప్పు కూడా వేసి చూశాం గానీ పగుళ్ళలో భగ్గుమంది, మానేశాం. రుద్దాక కడిగి, తడి పూర్తిగా ఆరకముందే నూనె పట్టించి, పాత గుడ్డ చుట్టుకుని పడుకోవాలి. అరికాలి తోలుకు ఒంటి మీద తోలులా సొంతంగా జిడ్డు ఊరదు. అందుకే అది ముందు ఎండుతుంది, ఒంటి బరువు పడేసరికి చీలుతుంది. మనం రాసే నూనే దానికి జిడ్డు. వారానికి రెండుసార్లు చేస్తే నెల తిరిగేసరికి మడమలు మెత్తబడ్డాయి.

మా అవ్వ ఇదంతా చూసి నవ్వింది. వాళ్ళ కాలంలో నూనె తీయగా మిగిలిన ఇప్పచెక్క నానబెట్టి తలా, కాళ్ళూ రుద్దుకునేవాళ్ళట. నురగ కూడా వస్తుంది. ఆ చెక్కే దంచి మడుగులో కలిపి చేపలు పట్టేవాళ్ళు కాబట్టి కళ్ళలో పడకుండా చూసుకోమంది.

అదే సంక్రాంతి సెలవుల్లో మా మేనత్తను కూడా కూర్చోబెట్టాం. ఏటా మిరప కోతలకు పోయే మనిషి. పగిలిన కాళ్ళతో మిరప చేలో నిలబడితే ఆ మంట ఎలా ఉంటుందో పోయినవాళ్ళకే తెలుసు. అత్త మాత్రం ఎన్నడూ మంట అనలేదు. ఓర్పు గల మనిషి అని మేమంతా మెచ్చుకునేవాళ్ళం.

బేసిన్‌లో నీళ్ళు పోశాం. ఆ రోజు నీళ్ళు కాస్త ఎక్కువే కాగాయి, మేం వేలు పెట్టి చటుక్కున తీసేశాం. చన్నీళ్ళు తెచ్చేలోపే అత్త రెండు కాళ్ళూ అందులో పెట్టేసింది.

‘అత్తా, కాలుతుంది, తియ్యి!’

‘ఏం కాలుతుందే పిల్లా, వెచ్చగా కూడా లేవు’ అంది.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కాళ్ళు బయటికి తీయించి అరికాలు తిప్పి చూస్తే, ఎడమ మడమ పగులులో రేగుముల్లు విరిగి ఉంది. చుట్టూ చీము. ఎన్నాళ్ళ నుంచి ఉందో అత్తకు తెలియదు. పిక్క మీద రాగిరంగు మచ్చ ఒకటుంది, గిల్లినా తెలియలేదు. అది ఓర్పు కాదని అప్పుడర్థమైంది.

ఆ రోజు కాళ్ళు రుద్దలేదు. మర్నాడే ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాం. గూడెంలో ‘పెద్దరోగం’ అన్న మాట మాకంటే ముందే ఇల్లు చేరింది. రెండిళ్ళవాళ్ళు మా చేతి నీళ్ళు తాగడం మానేశారు. అందులో ఒకరు మాకు దగ్గరి చుట్టాలే, పేరెందుకు. అత్త మూడు రోజులు వంటింట్లోకి రాలేదు. మేం ఇద్దరం కావాలని ఆమె కంచంలోనే తిన్నాం. కుష్టుకు మాత్రలు ఉచితం. కొందరికి ఆరు నెలలు, అత్తలాంటి వాళ్ళకు పన్నెండు నెలలు. మాత్రలు మొదలైన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది. ఇంట్లో అందరి ఒళ్ళూ వెతికి చూశారు, మచ్చలేమీ లేవు. ఇది గూడెంలో చెప్పడానికి మాకు మాత్రల కంటే ఎక్కువ కాలం పట్టింది. రోగం పోయింది గానీ, చచ్చిన స్పర్శ తిరిగి రాలేదు. మేం రెండేళ్ళు ముందు ఆ కాళ్ళు చూసి ఉంటే వచ్చేదేమో.

ఆసుపత్రిలో నర్సమ్మ కాళ్ళ సంరక్షణ నేర్పుతుంటే మేం నోరు వెళ్ళబెట్టాం. రోజూ కాళ్ళు నానబెట్టాలి, గట్టిపడిన తోలును గరుకు రాయితో మెల్లగా రుద్దాలి, తుడవకుండానే నూనె రాయాలి. సోకు అనుకుని సాక్సుల చాటున నేర్చుకున్నదే ఇది! తేడాలు రెండే. నీళ్ళు చల్లగా ఉండాలి, ఎందుకంటే వేడి అత్తకు తెలియదు. పుండు ఉన్నచోట రాయి గానీ పిండి గానీ తగలకూడదు. షుగర్ ఉండి కాళ్ళు మొద్దుబారినవాళ్ళు కూడా సొంతంగా రుద్దుకోకుండా ముందు డాక్టరుకు చూపించుకోవాలని చెప్పింది.

ఇప్పుడు మేం పనిచేసే ఆశ్రమ పాఠశాలలో శనివారం సాయంత్రం పిల్లలు బావి గట్టున వరసగా కూర్చుంటారు. పంచదార వంటింటి లెక్కలో దొరకదు కాబట్టి వట్టి నూక పిండి, నూనె. ఎవరి కాళ్ళు వాళ్ళే రుద్దుకుని, పక్కవాళ్ళ అరికాళ్ళు చూసి పెట్టాలి. ముల్లుందా, పుండుందా, మచ్చ ఉందా అని. మొదట్లో సిగ్గుపడి కాళ్ళు లంగా కింద దాచుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరి మడమ నున్నగా ఉందో పందేలు వేసుకుంటున్నారు.

అత్తకు ఆసుపత్రిలో మెత్తని రబ్బరు చెప్పులు ఇచ్చారు. తడుస్తాయని వానొస్తే వాటిని చూరులో దోపి, వట్టి కాళ్ళతో చేలోకి పోతుంది. దాని మీద మాకూ ఆమెకూ రోజూ గొడవే. పొద్దుగూకి తిరిగొచ్చాక మాత్రం తనే బేసిన్ తెచ్చుకుని, చన్నీళ్ళు పోసుకుని, ‘రండే, చూడండి, ఏమన్నా గుచ్చుకుందేమో’ అని కాళ్ళు చాపుతుంది.