ఎక్కడికి పోవాలి?

విమానం దిగిన మనిషిని నగరం అడిగే మొదటి మాట ఒకటే: ఎక్కడికి పోవాలి? ట్యాక్సీ డ్రైవరూ అదే అడుగుతాడు, బస్సు కండక్టరూ అదే అడుగుతాడు. బంజారాహిల్స్ అనేవాళ్లకు అది కిరాయి లెక్క తేల్చే ప్రశ్న. మేం శాలిబండ అనేవాళ్లం. మాకది మీరెవరో చెప్పండన్న ప్రశ్న.

ముందు దూరం సంగతి చూద్దాం. 2008 మార్చి దాకా మన విమానాలు బేగంపేటలో దిగేవి. ఊరి నడుమ రన్‌వే. జెద్దా నుంచో దుబాయి నుంచో మనిషి వస్తున్నాడంటే సగం బస్తీ ఆటోల్లో కదిలేది. పూలదండలు, చంటిపిల్లలు, బురఖాల్లో ఫూఫీలు, ఖాలాలు. మా మామూ జెద్దా నుంచి వచ్చిన ప్రతిసారీ మూడు ఆటోల్లో పోయి నాలుగు ఆటోల్లో తిరిగొచ్చేవాళ్లం. నాలుగోది అట్టపెట్టెలకు.

2008 మార్చి 23న శంషాబాద్ మొదలైంది. నగరానికి దక్షిణాన, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. పాతబస్తీ ఉన్నదీ దక్షిణాన్నే. పటం తీసి చూస్తే ఎయిర్‌పోర్టు మా వైపే జరిగింది. సికింద్రాబాద్ కన్నా, కూకట్‌పల్లి కన్నా మేమే దగ్గర. శంషాబాద్‌లోని శమ్స్ అంటే సూర్యుడు, దారిలో తగిలే ఆరాంఘర్ అంటే విశ్రాంతి ఇల్లు, ఫలక్‌నుమా అంటే ఆకాశదర్పణం. పేర్లన్నీ మా ఇంటి మాటలే.

రోడ్లు మాత్రం మమ్మల్ని తప్పించుకుని పోయాయి. అదే 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కు ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు. 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఆర్టీసీ పుష్పక్ బస్సుల పెద్ద దారులు కూడా మెహిదీపట్నం వైపు, ఎల్బీనగర్ - ఉప్పల్ వైపు, గచ్చిబౌలి వైపు పోతాయి. చార్మినార్ బొమ్మ చూపించి టూరిస్టులను పిలిచే నగరం, ఆ చార్మినార్ కంటపడకుండానే వాళ్లను హోటలుకు చేరుస్తుంది. ఎవరో కూర్చుని కుట్ర చేశారని మేం అనడం లేదు. డబ్బున్న వైపు రోడ్డు పోతుంది. డబ్బు మూసీకి ఇవతల లేదు. అంతే.

ఆ ఎక్స్‌ప్రెస్‌వేకు పి.వి. నరసింహారావు గారి పేరు పెట్టారు. మా అమ్మీ ఆ పేరు పలకదు. ఫోన్‌లో "పుల్ మీంచి వస్తున్నావా బేటా?" అని అడుగుతుంది. పి.వి. గారు ఈ నేల మనిషి. ఉర్దూ, ఫార్సీ తెలిసినవాడు, ఉస్మానియాలో చదివినవాడు. ఆయన పాండిత్యంతో మాకు పేచీ లేదు. కానీ 1992 డిసెంబరు 6న ప్రధానమంత్రి కుర్చీలో ఉన్నది కూడా ఆయనే. బాబ్రీ మసీదు గుమ్మటాలు గంటల తరబడి కూలుతుంటే ఢిల్లీ ఏం చేస్తోందని ఆనాడు మా ఇళ్లల్లో అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ జవాబు రాలేదు. మా పెద్దవాళ్లు ఉమ్రాకు పోయినా ఆ వంతెన మీదుగానే పోతారు, దువా చదువుకుంటూ. పేరు పెట్టిన పెద్దలకు ఈ సంగతి తట్టి ఉండదు. తట్టకపోవడమే మా ఫిర్యాదు.

వంతెన కింద బతికే జనం మాత్రం తమ దారి తాము చూసుకున్నారు. స్తంభాలకు వేసిన నంబర్లనే చిరునామాలు చేసుకున్నారు. ఫలానా నంబరు పిల్లర్ పక్కన మెకానిక్ షాపు, ఫలానా నంబరు పిల్లర్ ఎదురుగా ఫంక్షన్ హాలు. హిందువైనా ముస్లిమైనా పిల్లర్ నంబరు చెప్పే దిగుతాడు.

ఇక పేర్ల సంగతి. ఒకప్పుడు ఆటోవాడు ఎక్కడికని అడిగేవాడు గానీ పేరు అడిగేవాడు కాదు. ఇప్పుడు ఫోన్‌లో బండి పిలిస్తే మనకన్నా ముందు పేర్లు పోతాయి. 2018లో లక్నోలో ఒక పెద్దమనిషి, డ్రైవర్ ముస్లిం అని క్యాబ్ రద్దు చేసుకున్నానని ట్విట్టర్‌లో గొప్పగా రాసుకున్నాడు. రాసినవాడు ఒక్కడు. రాయకుండా రద్దు చేసేవాళ్ల లెక్క ఎవరు తీస్తారు? ఎయిర్‌పోర్టు దగ్గర బండ్లు నడిపేవాళ్లలో బార్కస్, హఫీజ్‌బాబానగర్, కిషన్‌బాగ్ కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకడు మాతో అన్నాడు: "ముందు సవారీ పేరు చూస్తాం భాయ్. సలామ్ అనాలా, నమస్తే అనాలా అని. ఏమీ తోచకపోతే గుడీవినింగ్ అంటాం."

మేం ఎక్కినప్పుడు కథ తిరగబడుతుంది. మొన్న ఢిల్లీ నుంచి అర్ధరాత్రి దిగాం. మొదటి డ్రైవర్ ఫోన్ చేసి "ఓల్డ్ సిటీనా? రాను" అన్నాడు. రెండోవాడు ఆ మాట కూడా అనకుండా రద్దు చేశాడు. 1990 డిసెంబరు అల్లర్ల నాటికి వీళ్లు పుట్టి ఉండరు. కర్ఫ్యూ ఎలా ఉంటుందో చూసి ఉండరు. అయినా భయం మాత్రం పొలంలా, ఇల్లులా వారసత్వంగా వచ్చింది. మూడోవాడు వచ్చాడు. నల్లగొండ యాస. "గాడ ఏముంటదన్నా, అందరు మనుషులే కదా" అని సామాను ఎత్తి డిక్కీలో పెట్టాడు. ఆరాంఘర్ దాటాక అద్దంలోంచి చూసి, "అన్నా, మీరు తెలుగు మస్తు మంచిగ మాట్లాడుతున్నరు" అన్నాడు.

ఈ మెచ్చుకోలు మాకు పాతదే. మంచి మనసుతో అన్న మాటే. కానీ దాని అడుగున ఒక లెక్క ఉంది: తెలుగు వాళ్లది, మేం అరువు తెచ్చుకున్నాం. "తమ్ముడూ, మాదీ నల్లగొండ జిల్లానే, మిర్యాలగూడ. తెలుగు మీడియంలో చదివినం, బి.ఏ. చేసినం, తెలుగు పేపర్లోనే ఉద్యోగం" అన్నాం. అతను నవ్వి, "అయితే మనోళ్లే!" అన్నాడు. అప్పటిదాకా ఎవరోళ్లం? ఆ రాత్రి అడగలేదు, శాలిబండలో చాయ్ తాగించి పంపాం. అక్కడ హోటల్లో కూర్చున్న పెద్దాయన ఒకరు, మా చేతిలోని పేపర్ చూసి, "ఆప్ తెలుగు మే లిఖ్‌తే హై? ఉర్దూ భూల్ గయే క్యా?" అన్నారు. రెండు వైపులా హాజరు వేయించుకోవాలి మేం.

తెల్లవారుజామున పుష్పక్ ఎక్కి చూడండి, ఇంకో లోకం కనిపిస్తుంది. గల్ఫ్ నుంచి దిగినవాళ్లు. తాళ్లతో బిగించిన పెట్టెలు, వాటి మీద మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబరు. జగిత్యాల పోవాల్సిన మనిషి జేబీఎస్‌కు టికెట్ తీసుకుంటాడు. పక్కనే బార్కస్ కుర్రాడు. ఇద్దరిదీ గల్ఫ్‌లో నేర్చిన హిందీ. ఒకే క్యాంపు, ఒకే గది, ఒకే కఫీల్ ఎగ్గొట్టిన జీతం. అక్కడ వాళ్లిద్దరూ హిందీలే, ఒకే పంక్తిలో నిలబడ్డ కూలీలే. ఆరాంఘర్ చౌరస్తాలో కుర్రాడు దిగి సలామ్ చేస్తే జగిత్యాల మనిషి కిటికీలోంచి పెట్టె అందించాడు. ఆ దోస్తీని ఊళ్లో ఏ జెండా ఎన్నాళ్లు నిలవనిస్తుందన్నదే మా దిగులు.

మెట్రో మాట చెప్పి ముగిస్తాం. మొదటి దశ పటంలోనే ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమాకు గీత ఉంది. 2017లో నగరానికి మెట్రో వచ్చింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి వచ్చిన రైలు ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. 2022 డిసెంబరులో ఎయిర్‌పోర్టు మెట్రోకు రాయదుర్గం వైపు నుంచి శంకుస్థాపన చేశారు. మళ్లీ మా చుట్టూ తిరిగే దారే. ప్రభుత్వం మారాక దారి మార్చి, 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ఫారూఖ్‌నగర్‌లో ఇంకో పునాదిరాయి వేశారు. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్క్ దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచారు. అడిగితే దారి మారుతుందని దీనివల్ల తెలిసింది.

ఇప్పుడు దారుల్‌షిఫా, శాలిబండ దారి వెడల్పు చేయాలి. ఇళ్లూ దుకాణాలూ పోతాయి. ఆ దారిలో మసీదులున్నాయి, ఆషూర్‌ఖానాలున్నాయి, గుళ్లున్నాయి. మా వీధి చివరి దుకాణాల మీదా గుర్తులు పెట్టారు. రైలు వద్దని మేం అనం. పోయేవాళ్లకు న్యాయమైన పరిహారం ఇవ్వండి, చేతిలో పెట్టాకే గోడ ముట్టండి. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష అని 2017లో చట్టం చేశారు. స్టేషన్ల పేర్లు ఉర్దూలోనూ రాయండి, తెలుగు పక్కనే, అదే సైజులో. మాకు రెండూ చదవడం వచ్చు.