కాగితాల సంచి

మా బాతెల్‌లో చాలామంది గ్యారేజీలో ఒక పెట్టె సర్ది ఉంచుతారు. నీళ్ళ డబ్బాలు, టార్చిలైటు, మందులు. 2001లో సియాటిల్ ప్రాంతాన్ని కుదిపిన భూకంపం లాంటిది మళ్ళీ వస్తుందేమోనని. పెట్టె సర్దినవాళ్ళు భూకంపం కోరుకుంటున్నారని ఎవరూ అనరు. కాపురం విషయంలో మాత్రం మనవాళ్ళు ఆ మాట అనేస్తారు. ఉగాది సభల్లో ఈ ఊసే ఎత్తరు.

కిందటేడు మావారికీ నాకూ మధ్య మాటలు కరువయ్యాయి. పెద్దవాడికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడు. విడిపోతామో లేదో తెలియని ఆ నెలల్లో నేనొక గుడ్డసంచిలో కాగితాలు పోగుచేశాను. పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్లల జనన పత్రాలు, పాస్‌పోర్టులు, మూడేళ్ళ పన్ను కాగితాల నకళ్ళు, ఇంటి అప్పు, బ్యాంకు, రిటైర్‌మెంటు ఖాతాల లెక్కలు. ఆ తర్వాత మూడు నెలల ఇంటిఖర్చు పైసలతో సహా రాశాను. ఒక్క జీతంతో రెండు అద్దెలు, డేకేరు ఎలా గడుస్తాయో అప్పుడుగాని అర్థం కాలేదు.

లాయరు దగ్గర తెలుసుకున్నవి ఇవి. వాషింగ్టన్ రాష్ట్రంలో పెళ్ళయ్యాక సంపాదించింది, ఎవరి పేరున ఉన్నా, సాధారణంగా ఇద్దరిదీ. అప్పులూ అంతే. పుట్టింటివారు నాకు పెట్టిన బంగారం లెక్క వేరు. కోర్టు కచ్చితంగా సగం సగం కోయదు, న్యాయమని తోచినట్టు పంచుతుంది. అర్జీ అవతలివారికి అందాక కనీసం 90 రోజులు ఆగాలి. పిల్లలు ఏ రోజు ఎవరి దగ్గర ఉండాలో, చదువు, వైద్యం ఎవరు నిర్ణయించాలో ‘పేరెంటింగ్ ప్లాన్’లో రాయాలి.

హెచ్-4 వీసా మీద ఉన్న అమ్మాయిలు ముందుగా ఇమిగ్రేషన్ లాయరును చూడాలి. విడాకులతో ఆ హోదా పోతుంది.

“పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యవే” అంది మా అక్కయ్య ఫోనులో. రెండోవారి హక్కును కాదని పిల్లల్ని దేశం దాటించడం 1993 నుంచి ఇక్కడ నేరం. ఇక్కడి విడాకులు అక్కడ అన్నిసార్లూ చెల్లవు కూడా. 1975లో తిరుపతిలో పెళ్ళాడిన ఒకాయన మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. నరసింహారావు, వెంకటలక్ష్మి కేసు అంటారు. ఆ విడాకులు చెల్లవని 1991లో ఇండియా సుప్రీంకోర్టు చెప్పింది.

నా పేర ఒక ఖాతా తెరిచాను, మావారికి చెప్పే. డబ్బు దాచడం వేరు, లెక్క తెలుసుకోవడం వేరు. ఎలాగూ కోర్టులో ఇద్దరూ అన్నీ చూపాలి. చెయ్యి చేసుకునే మగాడున్న ఇంట్లో మాత్రం ఈ సలహా పనికిరాదు. అక్కడ సంచి స్నేహితురాలి ఇంట్లో, ఎవరికీ తెలియకుండా ఉండాలి.

ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక సంచి బల్లమీద పెట్టాను. మావారు చాలాసేపు చూసి, తన జీవితబీమా కాగితం తెచ్చి అందులో పెట్టారు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి మేము డబ్బు గురించి పోట్లాడకుండా మాట్లాడుకున్నాం. ఇప్పటికి కలిసే ఉన్నాం. రేపటి మాట చెప్పలేను. గతిలేక ఉంటున్నానన్న దిగులు మాత్రం నాకు లేదు. నేను ఉన్నది ఉండాలనే అని ఆయనకూ తెలుసు.