బట్టలుతుకు గది

ఇల్లు కట్టించువారు వీధివాకిలిపై చూపు శ్రద్ధలో నాలుగవ వంతైనను పెరటిపై చూపరు. వచ్చిపోవువారు కూర్చుండు గదికి చలువరాళ్లు, చిత్తరువులు, మెత్తని యాసనములు. ఇంటిల్లిపాది మైలబట్టలు శుభ్రమగు చోటికి నాచుపట్టిన బండయు, మురుగు నిలిచిన గుంటయు. ఆ బండకడ వంగు నడుము ఎవరిదో తలచుకొన్నచో ఈ పక్షపాతమునకు వేరు కారణము వెదుకనక్కరలేదు.

ఈ యేడు మా పెరటి వసారాను బట్టలుతుకు గదిగా మార్పింప సంకల్పించితిమి. అది యెనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల చోటు. మేస్త్రీ వచ్చి చూచి, "మెట్లకింద మూల ఓ కొళాయి పెట్టిస్తే సరిపోదాండీ? ఈ చోటు తమ పుస్తకాలకు బాగుంటుంది" అనెను. మేము బదులు చెప్పులోపలనే మా గృహిణి, "మెట్లకింద మిషను నిలబడుతుంది గాని మనిషి నిలబడలేడు" అనెను. ఆ మాటతో గది నిశ్చయమైనది. తక్కినది కొలతల పని.

మొదట నేల. నూరంగుళముల దూరమునకు ఒక అంగుళము చొప్పున వాలు లేనిచో నీరు నిలిచి నాచుపట్టును, ముసలివారు జారిపడుదురు. కావున గరుకు పలకలే పరిపించుచున్నాము. మురుగు పోవుచోట నహానీ ట్రాపు తప్పదు. దాని వంపులో నిలుచు నీరే తెరయై దుర్గంధమును, పురుగులను లోనికి రానీయదు. విద్యుత్తునకు 16 ఆంపియర్ల సాకెట్టును తుంపరలు పడని యెత్తున, ఎర్తు తీగతో నమర్పవలెను. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారితప్పినను వెంటనే సరఫరా నాపు రక్షకయంత్రమును గూడ పెట్టించుచున్నాము. తడిచేతులతో మెలగు చోట ఈ వ్యయమునకు బేరమాడరాదు.

ముందు తలుపు గల యంత్రమునకు నీరు తక్కువ పట్టును. కాని బట్టలు తీయుటకు వంగవలెను. అందుచే దానిని అడుగెత్తు గట్టి దిమ్మెపై, ఎగుడుదిగుడు లేకుండ నిలుపుదుము. పట్టుబట్టలను కుంకుడు రసముతో చేతనే ఉతుకవలసి యుండును. అందుకై నడుమెత్తు తొట్టి, దాని ప్రక్క మడతలు పెట్టుటకొక బల్ల, ఎండ లోనికి వచ్చు కిటికీ.

ఇంత చిన్న పనికి ఇంత విచారమేల యని కొందరందురు. ఇది చిన్న పనియన్న భావమే మన ఇండ్లను చెరచినది. సంస్కృతమున చాకలికి నిర్ణేజకుడని పేరు. శుద్ధి చేయువాడని దాని యర్థము. పేరట్లు పెట్టి, అతనినే అశుచిగా నెంచి దూరముంచిన సంఘము మనది. ఇంటిలోనో, ఆ పనిని స్త్రీలకు విడిచి, దానిని పనిగా లెక్కించుటయే మానితిమి.

దక్షిణాఫ్రికాలో బారిస్టరుగా నున్న గాంధీగారు చాకలి ఖర్చు భరింపలేక, ఉతుకు విద్యను పుస్తకము చూచి నేర్చిరి. తొలిసారి గంజి యెక్కువై, కోర్టులో కాలరునుండి పొడి రాలగా తోడి వకీళ్లు నవ్విరి. ఆయన సిగ్గుపడలేదు. 1912లో గోఖలేగారు జొహానెస్‌బర్గునకు వచ్చినప్పుడు, రానడేగారు వారికి కానుకగా నిచ్చిన ఉత్తరీయమును ఇస్త్రీ చేసినదియు ఆ చేతులే. పురుషుని గౌరవము గంజినీళ్లతో కొట్టుకొనిపోవునది కాదని తెలియుటకు ఇంతకంటె దృష్టాంతము వలదు.

యంత్రము వచ్చినంత మాత్రమున న్యాయము రాదు. బట్టలు ఏరుట, జేబులు వెదకుట, ఆరవేయుట, మడతపెట్టుట యంత్రము చేయదు. ఇవియన్నియు మరల ఒక్కరిపైననే పడినచో, క్రొత్తగది పాతబండకు పైకప్పు వేసినట్లే యగును. కావున తొట్టి యెత్తు నిర్ణయించునప్పుడు మా గృహిణిని మాత్రమే గాక మా కుమారుని, మమ్ము గూడ నిలువబెట్టి కొలిపించితిమి. గోడకు వేలాడదీయు పట్టికలో వారమునకు ముగ్గురి వంతులు వ్రాసితిమి. సోమవారము మాది.