కోట మట్టే ఎందుకు? – పిల్లల ప్రాజెక్టులకు పేర్లు

బీదర్‌లో హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాను. వాళ్ళు కన్నడలోనో ఇంగ్లీషులోనో రాస్తారు. ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు, దక్కనీ ఉర్దూ, మరాఠీ, కన్నడ. 1956 దాకా జహీరాబాద్, నారాయణ్‌ఖేడ్ కూడా బీదర్ జిల్లాలోవే కనుక ఇక్కడి తెలుగువాళ్ళ చుట్టరికాలు చాలావరకు అటువైపే. ఇన్ని భాషల పిల్లలున్నా ప్రాజెక్టు ఫైలు అట్ట మీద పేర్లు మాత్రం ఒక్కతీరుగా ఉంటాయి: ‘బీదర్ కోట’, ‘పర్యావరణ కాలుష్యం’, ‘నీటి ప్రాముఖ్యత’.

ఈ పేర్లలో తప్పేమీ లేదు. కానీ వాటి కింద ఏం రాసినా చెల్లుతుంది. ‘బీదర్ కోట’ అని పెట్టుకున్న పిల్లవాడు కోట గుమ్మం తొక్కకుండానే గైడు చూసి నాలుగు పేజీలు నింపేస్తాడు. పేరు ఇరుకైందంటే ఎత్తిరాసుకోవడానికి ఎక్కడా దొరకదు, వెళ్ళి చూడాల్సిందే. అందుకే శీర్షికను నేను అట్ట మీద అలంకారంగా చూడను. పిల్లవాణ్ణి పనిలోకి దించేది అదే.

నా తరగతిలో మొదటి నియమం, పేరు రాసే పైగీత ఖాళీగా వదిలేయడం. ముందు ఏం చూశారో, దేన్ని చూసి ఆశ్చర్యపోయారో చెప్పమంటాను. బిద్రీ పని మీద రాస్తానన్న ఒక పిల్లవాణ్ణి, “కార్ఖానాలో ఏం చూసినవ్ బిడ్డా?” అని అడిగాను. “కోట కాడి మట్టే ఎందుకు టీచర్? మా ఇంటెనుక మట్టి పెడితే నల్లగ కాదా?” అన్నాడు. “అదే రాయి పైన” అన్నాను.

బిద్రీ లోహంలో జింకు ఎక్కువ, రాగి తక్కువ. పోతపోసిన వస్తువు మీద గీతలు చెక్కి, వాటిలో వెండి తీగ, వెండి రేకు పొదుగుతారు. చివర కోటలోని పాత మట్టిని, నవాసాగరాన్ని నీళ్ళలో కలిపి కాచి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మెరుస్తూ మిగులుతుంది. ఇదంతా ‘బిద్రీ కళ’ అన్న పేరు కిందా రాయొచ్చు. కానీ ‘బిద్రీ నలుపుకు కోట మట్టే ఎందుకు?’ అని పెట్టుకున్నాక ఆ పిల్లవాడు పనివాళ్ళ దగ్గర కూర్చుని, మట్టిని ఎట్లా ఎంచుకుంటారో అడిగాడు. నాలుక మీద వేసుకుని రుచి చూసి చెప్పేవాళ్ళున్నారని రాసుకొచ్చాడు.

రెండో నియమం, చోటూ కాలమూ పేరులోనే తెలియాలి. బీదర్ ఎర్రటి జంబిట్టరాతి పీఠభూమి మీద ఉంది. ఆ రాతిని తొలిచి, నౌబాద్ దగ్గర నేలకింద కరేజ్ కాలువ తవ్వి బహమనీల కాలంలో నీళ్ళు పారించారు. ఇంత చరిత్ర ఉన్న ఊళ్ళో ‘నీటి ప్రాముఖ్యత’ అని ఎందుకు రాయాలి? ‘మా వీధి బావుల్లో నీటిమట్టం: వానలకు ముందు, తరువాత’ అంటే కొలవాల్సిందేమిటో పేరే చెబుతుంది. మా ఊళ్ళోని మహమూద్ గవాన్ మదరసాకు పిల్లల్ని తీసుకువెళ్ళినప్పుడూ ఇంతే. 1472లో కట్టిన ఆ భవనం 17వ శతాబ్దం చివర, ఔరంగజేబు కాలంలో, మందుగుండు పేలి సగం కూలింది. ‘మదరసా గోడ మీద మిగిలిన రంగు పలకలు’ అని పెట్టుకున్న పిల్లలు గోడ ముందు నిలబడి రంగులు లెక్కపెట్టారు.

మూడోది, ‘ఒక పరిశీలన’, ‘ఒక విహంగ వీక్షణం’ లాంటి తోకలు కత్తిరించాలి. తోక తీసేస్తే అర్థం మారలేదంటే అది అక్కర్లేనిదే.

వ్యాసానికీ ప్రాజెక్టుకూ తేడా ఉంది. వ్యాసం పేరులో అభిప్రాయం ఉండొచ్చు: ‘మా బస్టాండుకు చెట్లు కావాలి’. ప్రాజెక్టు పేరులో ఫలితం ముందే తేల్చకూడదు. ‘రసాయన ఎరువుల వల్ల కంది పాడవుతుంది’ అని అట్ట మీద రాసుకున్నవాడు చేనుకు వెళ్ళి వెతికేది ఏముంటుంది? బాలల సైన్స్ కాంగ్రెస్‌కు వెళ్ళే పిల్లలకు ఇది మరీ గట్టిగా చెబుతాను. అక్కడ న్యాయనిర్ణేత మొదట చదివేది పేరే, మొదటి ప్రశ్న పుట్టేదీ అక్కడే.

పేరు మార్చడానికి పిల్లలు జంకుతారు. వాళ్ళకు రచయిత బుచ్చిబాబు సంగతి చెబుతాను. ఆయన నవల ‘చివరకు మిగిలేది’ నవోదయ పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు దాని పేరు ‘ఏకాంతం’. పుస్తకంగా వచ్చినప్పుడు పెట్టిన పేరే నిలిచింది. రాతను పట్టించుకునే అలవాటు మా ఊరికీ కొత్త కాదు. మదరసా కట్టించిన మంత్రి మహమూద్ గవాన్ లేఖారచన మీద పర్షియన్‌లో ‘మనాజిరుల్ ఇన్షా’ అనే గ్రంథమే రాశాడు.

చివరి పరీక్ష సులువైనది. పేరు మాత్రం పక్క తరగతి పిల్లకు చదివి వినిపించి, లోపల ఏముంటుందనుకుంటున్నావని అడగాలి. ఆమె చెప్పింది ఫైల్లో ఉంటే పేరు కుదిరినట్టే. లేకపోతే పేరో పనో మార్చాలి.

తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. ప్రాజెక్టు పేర్లు మీరు రాసివ్వకండి. జాబితా పంచకండి. పిల్లవాడు అడిగిన ప్రశ్నను వాడి మాటల్లోనే అట్ట మీదికి ఎక్కించండి. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పని వాడే చేసుకుంటాడు.