నీళ్లు ఎందాకా వచ్చాయి

2024 ఆగస్టు 23, శుక్రవారం

ఇవాళ రాష్ట్రమంతటా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు. ఉపాధి హామీ కింద ఏ పనులు కావాలో ఊరే చెప్పుకోవాలని. మా వీధివాళ్లం పదిమందిమి కలిసి వెళ్లాం. తిరిగొస్తూ కాలువ పక్కన ఉమ్మడి స్థలం దగ్గర ఆగాం. ఎకరానికి కాస్త తక్కువ ఉంటుంది. అక్కడ పార్కు చేయించుకుందామన్న మాట చాన్నాళ్లుగా నలుగుతోంది. ఒకాయన సిమెంటు బెంచీలన్నాడు, ఇంకొకాయన నడక బాటన్నాడు. "ముందు ఓ నోటు పుస్తకం పెట్టి అందర్నీ అడుగుదాం మాస్టారూ" అన్నాడు ఎదురింటి కుర్రాడు. పుస్తకం నా చేతిలో పెట్టారు. ఇది ఆ పుస్తకమే.

ఆగస్టు 25

రికార్డులో అది పోరంబోకు. ఆ మాట వినగానే ఎవరికీ పట్టని నేల అనుకుంటాం. పొద్దున అయిదున్నర నుంచి చీకటి పడేదాకా వేపచెట్టు కింద కూర్చుని చూశాను.

ఆరింటికి గేదెలు కాలువలోకి దిగాయి. ఏడున్నరకి నాట్లకు వెళ్లే ఆడవాళ్లు ఆటో కోసం నిలబడ్డారు. మధ్యాహ్నం ఇద్దరు వల బాగుచేసుకున్నారు. నాలుగున్నరకి పిల్లల క్రికెట్. దీపాలవేళ ముగ్గురు ముసలివాళ్లు వచ్చి గట్టుమీద కూర్చున్నారు.

ఇవేవీ సర్వే పటంలో కనపడవు. చుట్టూ కంచె వేస్తే గేదెల దారి మూసుకుపోతుంది. నెల తిరక్కుండా ఎవరో ఒకరు ఆ కంచె తెంపుతారు. తెంపినవాళ్లది తప్పని నేను అనలేను.

సెప్టెంబరు 3

నిన్న ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరు వరద కంటే ఎక్కువ. లంకలు మునిగాయి. బెజవాడలో బుడమేరు ఇళ్లలోకొచ్చింది. ఇక్కడ కరకట్ట మీద జనానికి రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

సెప్టెంబరు 11

మా పిన్నిని స్థలం దగ్గరికి తీసుకెళ్లాను. డెబ్బై దాటింది, కర్ర సాయంతో నడుస్తుంది. దక్షిణం మూల ఆగి వంగి, చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకుంది. తుప్పున ఊసి, "చౌడురా. ఇక్కడ మీ పూలమొక్కలు బతకవు. గంగరావి వెయ్యండి, కానుగ వెయ్యండి" అంది. ఆ మూలలో వాన నీళ్లు మూడు రోజులు నిలుస్తాయట, పిల్లల ఉయ్యాల అక్కడ పెట్టొద్దంది. తర్వాత కర్ర ఎత్తి ఉత్తరాన ఉన్న చిన్న దిబ్బ చూపించింది. "ఉప్పెన నాడు దూడలు దానిమీదే బతికాయి."

ఇంతమందిని అడుగుతున్నాను, ఆ దిబ్బని చదును చేసేస్తే స్థలం కలిసొస్తుందన్నవాళ్లే ఎక్కువ. వాళ్లలో నేనూ ఉన్నాను.

సెప్టెంబరు 29

పనిమీద విజయవాడ. బందరు రోడ్డు పక్కన స్వరాజ్ మైదానం. జనం పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనే అనేవారు. పుస్తకాల పండగ, ఎగ్జిబిషన్లు, రాజకీయ సభలు, రైతు బజారు, అన్నిటికీ ఆ ఒక్క నేలే. ఈ ఏడాది జనవరి 19 నుంచి అక్కడ 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, స్మృతివనం. తల ఎత్తి చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. పుస్తకాల పండగ వేరే చోటు చూసుకుంది.

బస్సులో తిరిగొస్తూ పుస్తకంలో ఇంకో గడి గీశాను. మొదటి గడిలో ఇప్పుడు ఆ నేల మీద జరుగుతున్న పని. రెండో గడిలో, అక్కణ్ణించి కదిలిస్తే ఆ పని ఎక్కడికి పోవాలి. రెండోది నింపకుండా ఏ పటమూ గీయకూడదు.

అక్టోబరు 6

బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలబెట్టుకున్నారు. 1991 తీర్పు అది. పంజాబులో ఒక ఊరి చెరువు కబ్జా మీద వచ్చిన 2011 తీర్పు దేశంలోని ఊళ్ల ఉమ్మడి నేలలన్నిటికీ అండ అయింది.

మన పట్టణాభివృద్ధి చట్టం ఒకటి ఉంది. ముసాయిదా ప్లాను బయటపెట్టి జనం అభ్యంతరాలు తీసుకోవాలంటుంది. మంచిదే. కానీ గీసేసిన పటం ముందు నిలబడి సామాన్యుడు ఏం చెప్పగలడు? బాగుందనో బాగోలేదనో అంటాడు. పిన్ని చెప్పింది అభ్యంతరం కాదు. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ నేల ఉప్పగా ఉందో చెప్పింది. అది గీత గీయకముందే కావలసిన లెక్క.

అక్టోబరు 20

ఇన్నాళ్లూ పుస్తకంలో ఆడవాళ్ల మాట, పిన్నిది తప్ప, ఒక్కటీ లేదు. నేను అడిగింది సాయంత్రాలు, మగవాళ్లు చుట్టూ ఉన్నప్పుడు. ఇవాళ ఏడున్నరకే ఆటో ఆగేచోటికి వెళ్లాను. రెండు నిమిషాల్లో తేల్చారు. ఆటో వచ్చేదాకా నిలబడటానికి నీడ. ఒక మరుగుదొడ్డి, తలుపుకి లోపల గడియ. "లైటు గట్టువైపు కాదు బాబాయ్, మేం నడిచొచ్చే వైపు పెట్టించండి" అంది ఒకమ్మాయి.

అరవై మూడు మంది మగవాళ్లు చెప్పింది రాసుకున్నాను. ఈ మూడిట్లో ఒక్కటీ వాళ్ల నోట రాలేదు.

నవంబరు 19

ఉప్పెనకి నలభై ఏడేళ్లు. 1977లోనూ పందొమ్మిదో తారీఖే, శనివారం. వేలమంది పోయారు.

పొద్దున దీపం పెట్టుకుని అందరం స్థలం దగ్గర చేరాం. ముగ్గుపిండితో నేలమీదే పటం గీశాం. గేదెల దారి అలాగే ఉంచాం. దక్షిణం మూల గంగరావికి, కానుగకి. ఆటో ఆగేచోట రేకుల నీడ, పక్కన మరుగుదొడ్డి. నడక బాట గీతని పిల్లలు రెండుసార్లు చెరిపి పిచ్‌కి దూరం జరిపారు, మూడోసారి ఒప్పుకున్నారు.

పిన్ని కర్రతో దిబ్బ చుట్టూ తానే గీత గీసింది. దానిమీద కూర్చుని, చేత్తో గడ్డి నిమురుతూ, నీళ్లు ఎందాకా వచ్చాయో పిల్లలకి చూపించింది. వాళ్లు ఆట ఆపి విన్నారు.

రేపు పంచాయతీకి ఇచ్చే కాగితం రాత్రి సాపు చేశాను. అడిగినవి మొత్తం పదకొండు. మొదటిది: ఈ దిబ్బ ఎత్తు తగ్గించరాదు.